ఏకాంబరం చెవి మీద మూత

ఆ పొద్దు ఏకాంబరం అనుకున్నది చాలా చిన్న పని. భార్య మునిరత్నమ్మ, కూతురు హేమశ్రీ మార్కెట్టుకు వెళ్లగానే కాఫీ తాగి, కొత్త హెడ్‌ఫోన్ తగిలించుకుని, స్టూడియోలో హేమశ్రీ పాడిన పాటను నింపాదిగా వినాలి. బాగుందనిపిస్తే సంగీతం టీచరు ప్రసన్నకుమారికి ఫోన్ చేసి సరేననాలి. ఆవిడ మధ్యాహ్నంలోగా దాన్ని తిరుపతిలోని ఒక సంగీత సభకు పంపుతుంది. వాళ్లకు నచ్చితే హేమశ్రీ ఈ ఏడు వేదికెక్కి పాడుతుంది. నగరిలోని ఆ మరమగ్గాల వీధి నుంచి ఇంతవరకు వేదికలెక్కినవి చీరలే తప్ప గొంతులు కావు.

అయితే ఆ వీధిలో నింపాదిగా వినడమనేది కోరికే గానీ జరిగే పని కాదు. తెల్లారింది మొదలు మగ్గాల మోత. పక్కింటివాళ్లను ఉప్పు అడగాలన్నా సైగ చేయాల్సిందే. అందుకే ఏకాంబరం నూలు ఎంచినంత జాగ్రత్తగా హెడ్‌ఫోన్ ఎంచాడు. తిరుపతిలో ఢిల్లీబాబు అంగడిలో సగం రోజు కూర్చున్నాడు.

"ఇది సూడన్నా, గుండె అదిరిపోతాది" అన్నాడు ఢిల్లీబాబు, మెరిసే పెట్టె విప్పుతూ.

"నా గుండెను మగ్గం అదరగొడతానే ఉండాదప్పా. నాకు తంబురా వేరే, గొంతు వేరే వినపడాల."

"అయితే ఇది. వెనకాల జల్లెడ మాదిరి తెరిచి ఉండాది సూడు. పాట మన ఎదురుగా పాడినట్టే ఉంటాది."

"ఆ జల్లెడలోంచి మా పక్కింటి జయరామ్ మగ్గాలు గూడా వచ్చి కూసుంటాయి. వెనక మూసింది ఉంటే ఇయ్యి."

చివరికి వెనక మూసిన నల్లటిదొకటి దొరికింది. పేరు మోసిన కంపెనీ కాదు, వైరుతో పనిచేసేది, ధర చూసి జేబు ఉలిక్కిపడలేదు. ఏకాంబరం దాని మెత్తలను వేళ్లతో నలిపాడు, వైరును లాగి చూశాడు, అది తగిలించుకుని అంగడి దిగి చెరుకురసం బండి పక్కన నిలబడ్డాడు. మిషను గిరగిరా తిరుగుతోంది. చెవిలో మాత్రం తంబురా తీగ తీగగా వినిపిస్తోంది. "మూత బాగా కుదిరిందప్పా" అని అక్కడికక్కడే కొనేశాడు. వీధికి వచ్చాక కనిపించినవాళ్లందరికీ తన చెవి గొప్పతనం గురించి చెప్పాడు. అడగనివాళ్లకు రెండుసార్లు చెప్పాడు.

ఇక ఆ పొద్దు కుర్చీలో కూర్చుని పాట పెట్టాడు. హేమశ్రీ గొంతు వచ్చింది. ఈ పిల్లనేనా చిన్నప్పుడు తాను మగ్గం పక్కన ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది అనుకున్నాడు. పల్లవి అయింది, అనుపల్లవి ఎత్తుకుంది. అప్పుడు వినిపించింది, గొంతు వెనకాల, సన్నగా, టక్ టక్ అని.

ఆ చప్పుడు అతనికి తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచి వింటున్నదే. బయటి మగ్గాల మోత లోపలికి వస్తోందంటే తన ఎంపిక తప్పినట్టు. అది పాటలోనే ఉందంటే ఇంకా ఘోరం, ఇంటి మోత బిడ్డ పాటకు కూడా అంటుకున్నట్టు. సభవాళ్లు మొదటి నిమిషంలోనే పక్కన పెట్టేస్తారు. ఈ రెంటిలో తన ఎంపిక తప్పడమే మేలని అతను ఆశపడ్డాడు.

రెండు అరచేతులతో హెడ్‌ఫోన్‌ను చెవులకు నొక్కిపట్టాడు. టక్ టక్. భుజం మీది తుండు తీసి తల చుట్టూ, చెవుల మీదుగా బిగించి కట్టాడు. టక్ టక్. లేచి షెడ్డులోకి వెళ్లి తన మగ్గాల స్విచ్చు ఆపేశాడు. నేతగాడు గిరి ఏమైందని అడిగితే, టీ తాగి రమ్మని చేత్తో సైగ చేసి, మళ్లీ కుర్చీలో కూర్చుని పాట మొదటి నుంచి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు, తల పట్టుకున్నాడు. అనుపల్లవి దగ్గర కన్నీళ్లు ఆగలేదు. టీకి బయల్దేరిన గిరి అది చూసి, పలకరించి, జవాబు రాక వెళ్లిపోయాడు.

ఆ వీధికి ఒక మర్యాద ఉంది. కరెంటు ఉండగా, పని వేళలో, ఒకరింట్లో మగ్గాలు ఉన్నట్టుండి ఆగాయంటే ఆ ఇంట్లో ప్రాణం పోయిందని అర్థం. పక్కింటివాళ్లు వెంటనే తమ మగ్గాలు ఆపుతారు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు ఆపుతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏకాంబరం కూడా ఎందరికోసమో అలా ఆపినవాడే. ఆ పొద్దు మాత్రం అతనికి అది ఉత్త స్విచ్చుగానే కనిపించింది.

టీ అంగడి దగ్గర పక్కింటి జయరామ్ గిరిని పట్టుకున్నాడు.

"ఏంది గిరీ, కరెంటు ఉండాది గదా, ఏం నిలిపినారు?"

"తెల్దన్నా. తలకు తుండు కట్టుకోని ఏడస్తా ఉండాడు. పలకరిస్తే పలకలా."

"వదిన యాడ?"

"కనపడలా."

పోయిన వారం మునిరత్నమ్మకు జ్వరం వచ్చిన సంగతి జయరామ్‌కు గుర్తొచ్చింది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. పరుగున వెళ్లి తన మగ్గాలు ఆపాడు. కాసేపటికి వీధంతా ఆగిపోయింది. ఒకరు కుర్చీలు తెచ్చి వేశారు. ఒకరు చావు డప్పు కొట్టే పలకలవాళ్లకు కబురు పెట్టారు. జయరామ్ పూలమాల కొని, పుత్తూరులో ఉన్న మునిరత్నమ్మ తమ్ముడు దయానంద్‌కు ఫోన్ చేసి, "ధైర్యంగా ఉండప్పా, బండి నిదానంగా నడుపు" అన్నాడు. తర్వాత జనంతో కలిసి లోపలికి వెళ్లి ఏకాంబరం భుజం మీద చెయ్యి వేయబోయాడు గానీ, ఆ ఏడుపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే మునిరత్నమ్మ, హేమశ్రీ కూరగాయల సంచులతో వీధి మలుపు తిరిగారు. మగ్గాల మోత లేదు, తమ వాకిట్లో జనం. మునిరత్నమ్మ సంచి అక్కడే వదిలేసి, అందరినీ తోసుకుని లోపలికి పరిగెత్తింది. కుర్చీలో వాలిన మొగుణ్ణి, జయరామ్ చేతిలోని మాలను చూసి, "పొద్దున్నే బాగుండావు గదయ్యా" అని ఘొల్లుమంది. ఆమెను చూడగానే జయరామ్ చేతిలోని మాల జారి కింద పడింది.

భార్య భుజాలు పట్టి కుదిపేసరికి ఏకాంబరం కళ్లు తెరిచాడు. ఇంటినిండా జనం, అందరి కళ్లలో నీళ్లు. బిడ్డ పాట సంగతి ఎలాగో పాకిపోయింది, వినడానికి ఊరంతా వచ్చిందనుకున్నాడు. ఛాతీ పొంగింది. చెవులు మూసి ఉన్నందువల్ల గట్టిగా అరిచాడు.

"కూసోండప్పా, కూసోండి. అందరికీ వినిపిస్తా."

మునిరత్నమ్మ తుండు లాగింది. హెడ్‌ఫోన్ బయటపడింది. దాన్ని తీయగానే ఏకాంబరానికి మొదటిసారిగా వీధి నిశ్శబ్దం తాకింది.

"మీరెందుకు నిలిపినారు?"

"నువ్వు నిలిపినావని" అన్నాడు జయరామ్, మాలను కాలితో కుర్చీ కిందికి నెడుతూ.

సంగతి తెలిసి జనం తిట్టాలో నవ్వాలో తేల్చుకోలేకపోతుండగా, ఏకాంబరానికి వేరే భయం పట్టుకుంది. వీధిలో ఒక్క మగ్గమూ ఆడడం లేదు. హెడ్‌ఫోన్ మళ్లీ చెవులకు పెట్టుకున్నాడు. టక్ టక్. అయితే అది పాటలోనే ఉంది.

"మన మోత నీ పాటను చెరిపిందమ్మా" అన్నాడు, కూతురి ముఖం చూడలేక.

హేమశ్రీ హెడ్‌ఫోన్ తీసుకుని విని, తల దించుకుంది.

"అది మోత కాదు నాయనా, నా కాలు. ఆ స్టూడియోలో చప్పుడే లేదు, గమ్మునుండాది. నాకు తాళం నిలవలా. మన మగ్గం ఆడతా ఉండాదని మనసులో అనుకోని, కింద చెక్క మీద మడమతో కొట్టుకుంటా పాడినా. టీచరమ్మకు తెలుసు. మీ నాయన ఇనుకోని చెప్పనీ అనింది."

ఏకాంబరం మళ్లీ మొదటి నుంచి విన్నాడు. ఒక్క టక్ కూడా ముందుకు తూగలేదు, వెనక్కి జారలేదు. తన నాయన మగ్గం, తన మగ్గం, ఆ గొంతు కింద నేల మాదిరిగా పరుచుకుని ఉన్నాయి. అంత గర్వం అతను తన జన్మలో ఎరగడు. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఫోన్‌లోనే పాట పెట్టాడు. అందరికీ గొంతు వినిపించింది గానీ టక్ టక్ వినిపించలేదు. "అది ఇనపడాలంటే మూత ఉండాల" అని ఏకాంబరం గొప్పగా హెడ్‌ఫోన్ చూపించాడు. దాంతో వరస కట్టారు. జయరామ్ కుర్చీలో కూర్చుని తగిలించుకుని, "మన మగ్గమే గదన్నా" అంటూ తల పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే పుత్తూరు నుంచి దయానంద్ వచ్చి, ఏడుస్తున్నవాడే దగ్గరి మనిషి అనుకుని, జయరామ్ మెడ మీద పడి బావురుమన్నాడు. వెనకనుంచి అక్క మంచినీళ్లు అందిస్తే, ఎవరిచ్చారో చూడకుండానే తాగి ఇంకా ఏడ్చాడు.

ఏకాంబరం టీచరుకు ఫోన్ చేశాడు.

"పంపించండమ్మా. ఆ టక్ టక్ తీయొద్దు. అది మాదే."

సభవాళ్లు హేమశ్రీకి వేదిక ఇచ్చారు. ఈ పిల్ల తాళం ఏ గురువు దగ్గర నేర్చుకుందని టీచరమ్మను అడిగారట.

ఆ వీధిలో ఇప్పుడు ఎవరింట్లో మగ్గాలు ఆగినా, పూలమాల కొనే ముందు ఒకరు వెళ్లి ఇంటాయన చెవులు చూసి వస్తున్నారు.