స్తెఫను కాలి స్విచ్చి

ఆ శనివారం పొద్దున స్తెఫను అనుకున్న పని చాలా చిన్నది. చాయ్ తాగి, గిటారు పట్టుకుని మల్లప్ప రేడియో దుకాణానికి పోయి, గిటారు పెట్టె స్విచ్చి మార్పించుకుని, మధ్యాహ్నం చర్చిలో జరిగే పెళ్లికి వాయించాలి. అంతే.

స్తెఫను నారాయణఖేడ్ బజారులో దర్జీ. ముందుగదిలో దుకాణం, వెనకగదిలో కాపురం. వారమంతా కుట్టుమిషను తొక్కుతాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. హైదరాబాదులో ఎవరో వాడుకుని అమ్మేసిన ఇనుప పెట్టె ఒకటి ఆ గిటారుకు తగిలించుకున్నాడు. దాని మీది స్విచ్చిని కాలితో నొక్కితే గిటారు గర్జిస్తుంది, మళ్లీ నొక్కితే మామూలు గొంతుకు వస్తుంది. పోయిన ఆదివారం ఆ రెండో నొక్కుడు పని చేయలేదు. పాస్టరయ్య కళ్లు మూసుకుని వానల కోసం ప్రార్థిస్తుంటే గిటారు బురదలో దిగబడిన ట్రాక్టరులా మొత్తుకుంది.

"ఇంకొక్కపారి గిట్ల ఒర్లిందనుకో స్తెఫనూ, గిటారుకు చర్చిల జాగ లేదు," అన్నాడు పాస్టరయ్య. హార్మోనియం వాయించే ఈరయ్య ఆ మాటకు అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు.

శనివారం దుకాణంలో మల్లప్ప పెట్టె మూత విప్పి, చేత్తో తిప్పే గుండీని తిప్పి చూశాడు, కాలితో నొక్కే స్విచ్చిని నొక్కి చూశాడు.

"చెయ్యిది మంచిగనే ఉంది. కాలుదే పోయింది. లోపట మొత్తం కుళ్లింది."

"మరెట్ల?"

"కోసి తీసేసుడే. కొత్తది బీదర్ల దొర్కుతది."

"ఇయ్యాల్నే పెండ్లి ఉందే! ఏదో ఒకటి పెట్టు. గీ పూట నడిస్తే సాలు."

రేడియో బాగు చేయించుకుందామని వచ్చి వాకిట్లో నిలబడిన బసమ్మకు పెట్టె కనబడలేదు. మాటలు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా వినబడ్డాయి. రేడియో సంగతి మరిచిపోయి ఆమె స్తెఫను ఇంటికి పరుగెత్తింది.

స్తెఫను పెళ్లాం రిబ్కమ్మ గిన్నెలు తోముతోంది.

"రిబ్కా, కాలుది ఖరాబైందంటగదనే! కోస్తరంట!"

"కొయ్యనియ్యి అక్కా," అంది రిబ్కమ్మ తల ఎత్తకుండానే. "వారం సంది దాంతోటే పరేషాన్ జేస్తుండు. కోసి అవుతల పారేస్తే ఇంట్ల నిమ్మళముంటది."

"నీకు బాధయితలేదా?"

"నాకేం బాధ? నాకు జెప్తే నేనే కోద్దును, కత్తెర ఇంట్లనే ఉండె."

బసమ్మ బుగ్గలు నొక్కుకుంది. అయితే అంత దుఃఖంలోనూ తన కొత్త రవిక స్తెఫను దగ్గరే ఉందన్న సంగతి గుర్తొచ్చింది. కాలు పోయిన దర్జీ మిషను ఎట్లా తొక్కుతాడు? ముందుగదిలోకి పోయి రవిక చంకన పెట్టుకుంది. దారిలో కనబడిన ఆడవాళ్లందరికీ జరిగింది చెప్పింది. కాసేపటికి దుకాణంలో సంత మొదలైంది. ఒకామె చేతుల్లేని రవిక పట్టుకుపోయింది, ఇంకొకామె వట్టి చేతులు పట్టుకుపోయింది.

"ఏమైందే మీకందరికి?" అంటూ రిబ్కమ్మ తడి చేతులతో బయటికి వచ్చింది.

"ధైర్నంగ ఉండు బిడ్డా. స్తెఫనుకు కాలు తీసేస్తుండ్రు, నీకు తెల్వనే తెల్వదా?" అంది వాళ్లలో ఒకామె.

అప్పటిదాకా పెట్టె గురించే మాట్లాడుకున్నామనుకున్న రిబ్కమ్మ తడి చేతులు నెత్తిన పెట్టుకుంది. పొద్దున పోయిన మనిషి ఇంకా రాలేదు. "అయ్యో నా తండ్రీ!" అని శోకం పెడుతూ బజారు వైపు ఉరికింది. కట్టుకున్నదే ఏడుస్తుంటే ఇక అనుమానించేవాడెవడు? కబురు చర్చికి చేరింది. పెళ్లికి హార్మోనియమే వాయించమని పాస్టరయ్య ఈరయ్యకు చెప్పాడు. ఈరయ్య కళ్లు తుడుచుకుని, ఇంటికి పోయి ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని వచ్చాడు.

ఇవేవీ స్తెఫనుకు తెలియవు. మల్లప్ప పెట్టెకు వేసింది కాలింగ్ బెల్లు స్విచ్చి. నొక్కి పట్టుకున్నంతసేపే గర్జిస్తుంది, కాలు తీస్తే ఊరుకుంటుంది. స్తెఫను ఆ రేడియో దుకాణం వెనక గదిలోనే తలుపు వేసుకుని పెళ్లి పాటలన్నీ దాని మీద కాలు తీయకుండా వాయించి చూసుకున్నాడు. లేచేసరికి కాలు మొత్తం తిమ్మిరెక్కి మొద్దుబారింది. మల్లప్ప భుజం పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు. ఎదురుగా రిబ్కమ్మ, ఆమె వెనక సగం బజారు.

"కోసిన్రా?" అని అరిచింది రిబ్కమ్మ.

"కోసి తీసేసినం. కొత్తది పెట్టినం," అన్నాడు మల్లప్ప గర్వంగా.

"ఏ, నా కాలుకేం గాలె! ఖరాబైంది డబ్బా!" అన్నాడు స్తెఫను.

"పాపం, సోయిల లేడు," అన్నారెవరో. ఉల్లిగడ్డల తోపుడుబండి ఖాళీ చేసి ఆయన్ని ఎత్తి పండబెట్టారు. దవాఖానలో ఆ పూట డాక్టరు లేడు. బండి నేరుగా చర్చికి పోయింది.

పెళ్లివారంతా లేచి నిలబడ్డారు. పాస్టరయ్య ఆ కాలి మీద చేయి వేసి, చెమటలు కారేలా ప్రార్థించాడు. సరిగ్గా అప్పుడే తిమ్మిరి దిగింది. స్తెఫను ఒక్క ఎగురులో బండి దిగి, రెండు కాళ్ల మీద గట్టిగా నిలబడి, "నా కాలు మంచిగనే ఉందని జెప్తుంటే ఇనరేంది!" అని మొత్తుకున్నాడు.

చర్చి మొత్తం "హల్లెలూయా!" అంది. రిబ్కమ్మ మొగుడి కాలు వాటేసుకుంది. పెళ్లికొడుకు తన మెడలోని దండ తీసి స్తెఫను మెడలో వేశాడు. పాస్టరయ్య గిటారు తెప్పించి, తన కుర్చీ పక్కనే నిలబెట్టించాడు.

"ఇగ గిటారును ఎవ్వడన్న ఏమన్నంటే నాతోని మాట్లాడాలె," అన్నాడు.

స్తెఫను ఆశగా గిటారు వైపు అడుగు వేశాడు. ఈరయ్య ఆయన భుజం మీద మెత్తగా చేయి వేశాడు.

"కాలు కొత్తది తమ్మీ. దాంతోని ఒత్తకు. ఇయ్యాలటికి నేను వాయిస్త."

ఆ రోజు పాటలన్నీ ఈరయ్యే వాయించాడు.

సోమవారం పొద్దున స్తెఫను దుకాణం తలుపు తీసేసరికి మనూర్ బస్సు దిగిన మోకాళ్ల నొప్పులవాళ్లు ఆ కాలు ముట్టుకుందామని వరసగా కూర్చుని ఉన్నారు; కొలతలు ఇవ్వడానికి మాత్రం ఒక్కరూ రాలేదు.