ఆవిష్కరణ తర్వాత నలభై అయిదు రోజులు

విశాలాక్షి నవల ‘అమ్మ కుట్టిన యూనిఫాం’ను ఆదివారం సాయంత్రం ఆవిష్కరించారు, దాన్ని రాయడం మాత్రం ఆమె సోమవారం మొదలుపెట్టాలి. గోనేపల్లిలో పద్ధతి అదే. హాలు దొరికినప్పుడు ముఖ్య అతిథికి తీరిక ఉండదు, అతిథికి తీరిక ఉన్నప్పుడు హాలు దొరకదు. రెండూ కుదిరిన రోజున పుస్తకం కూడా సిద్ధంగా ఉండాలంటే ఎక్కడ కుదురుతుంది? అందుకని గ్రంథాలయ సంఘం వాళ్లు రెండు వందల తెల్ల కాగితాలకు అట్ట వేసి ముందుగా ఆవిష్కరిస్తారు. నలభై అయిదు రోజుల్లో రచయిత రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆవిష్కరణ జరగనట్టే. కప్పిన శాలువా ఉతికి తిరిగి ఇచ్చేయాలి.

విశాలాక్షి మున్సిపల్ ఆఫీసులో నీటి పన్ను సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటు. ఆ నవల ఆమె తల్లి రమణమ్మ కథ. ముప్ఫై ఏళ్లు బడిపిల్లల యూనిఫాంలు కుట్టి కూతుర్ని చదివించిన మనిషి. సభలో ముందు వరసలో కూర్చుని, వక్తలు తన గురించి చెప్పిందంతా శ్రద్ధగా విని, ఇంటికొచ్చాక అడిగింది.

“నా గురించి ఏం రాసేవే?”

“ఇంకా రాయలేదమ్మా.”

“అదేంటి, ఒకాయన ఏడ్చారు కూడాను.”

వారం తిరక్కుండా సమీక్షలు వచ్చాయి. రిటైర్డు లెక్చరర్ పేరిశాస్త్రి గారు, ప్రతి వాక్యమూ చెక్కినట్టుందనీ, తొమ్మిదో అధ్యాయం ఒక్కటే తేలిపోయిందనీ రాశారు. దాంతో విశాలాక్షి చేతులు కట్టేసినట్టయింది. తెల్లారకముందే లేచి ఒక వాక్యం రాయడం, ఇది చెక్కినట్టుందా అని చూసుకోవడం, కొట్టేసి ఆఫీసుకు పరిగెత్తడం. ముప్ఫై రోజులు గడిచేసరికి మిగిలింది ‘అమ్మ’ అనే మాట ఒక్కటే. అదైనా సరిగ్గా పడిందా అని అనుమానం.

సెలవు పెట్టి పేరిశాస్త్రి గారింటికి వెళ్లింది.

“తొమ్మిదో అధ్యాయంలో లోపం ఏమిటండీ?”

“రాశాక చూసుకోండమ్మా, మీకే తెలుస్తుంది,” అన్నారాయన కాఫీ ఇప్పిస్తూ. “మిగతావి మాత్రం చెడగొట్టకండి.”

తిరిగొచ్చి తల్లి పక్కన కూలబడింది. “నా వల్ల కాదమ్మా. శాలువా ఇచ్చేద్దాం.”

రమణమ్మ గుండీ కుడుతూ తలెత్తలేదు. “ఆ తొమ్మిదోది బాగోకపోయినా పర్లేదన్నారు కదా, ముందు అదే రాసెయ్యి. బడి తెరిచే ముందు వారం నేను కుట్టినవన్నీ వంకరే. పిల్లలు తొడుక్కుని వెళ్లలేదేంటి?”

బాగుండాల్సిన పని లేదు గనక ఈసారి కలం ఆగలేదు. ఒక జూన్‌లో రమణమ్మ మిగిలిన గుడ్డ ముక్కలన్నీ కలిపి, తండ్రి లేని ఓ పిల్లకు గౌను కుట్టింది. అతుకులు కనబడకుండా వాటి మీద జేబులు పెట్టింది. ఆరు జేబుల గౌనులో ఆ పిల్ల బడంతా దర్జాగా తిరిగింది. ఒక్క మధ్యాహ్నంలో అధ్యాయం అయిపోయింది. మర్నాటినుంచి విశాలాక్షి ప్రతి అధ్యాయం పైనా పెన్సిలుతో ‘తొమ్మిది’ అని వేసుకుని రాసింది. నలభై నాలుగో రోజుకి పదకొండు తొమ్మిదో అధ్యాయాలు తయారయ్యాయి.

గ్రంథాలయ కార్యదర్శి బాపినీడు గారు రాతప్రతిని సమీక్షల పక్కన పెట్టుకుని సరిచూశారు. తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగి కళ్లజోడు తుడుచుకున్నారు.

“ఇది బాగుందమ్మా.”

“థాంక్సండీ.”

“బాగుంటే ఎలా? సమీక్షలో తేలిపోయిందని ఉంది. కొంచెం పాడుచేసి ఇవ్వండి. రేపటిదాకా టైముంది.”

నెల క్రితమైతే విశాలాక్షి అక్కడే కూర్చుని పాడుచేసి ఇచ్చేది. ఇప్పుడు ఆ జేబుల్లో ఒక్కటి విప్పడానికి కూడా చెయ్యి రాలేదు. ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని, పైన ‘తొమ్మిదో అధ్యాయం’ అని మాత్రం రాసి మధ్యలో పెట్టింది. అసలుదాన్ని పదో అధ్యాయం చేసింది. బాపినీడు గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“అవును, ఇది కాస్త తేలిపోయింది,” అని ముద్ర వేశారు.

సభలో తెల్ల కాగితాల పుస్తకం తీసుకున్నవాళ్లకు దాని బదులు అచ్చయిన ప్రతి ఇస్తామని నోటీసు పెట్టారు. ఎవరూ రాలేదు. తమ దగ్గరున్నది బాగానే ఉందనీ, ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి చదవమని ఇచ్చామనీ కబురు చేశారు. రమణమ్మ ఒక్కతే కూతురి చేత మొత్తం చదివించుకుని, “ఆరు కాదే, ఏడు జేబులు,” అంది.

మరుసటి నెల ఒక కవితా సంపుటి సభకు విశాలాక్షిని వక్తగా పిలిచారు. వేదిక ఎక్కబోతుంటే కవి దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు.

“నా పుస్తకం చూశారా మేడం?”

ఆమె చేతిలోని తెల్ల కాగితాలను ఒకసారి తిరగేసింది. “చదివానండీ. చాలా బాగుంది,” అంది.

మైకు దగ్గరకు వెళ్లి నలభై నిమిషాలు మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ అందులో అబద్ధం ఉన్నట్టు ఆమెకు ఎక్కడా అనిపించలేదు.