యాపిల్ తొక్క తెగకూడదు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. పోయిన ఆదివారం నిద్రలేచేసరికి నా పడక్కుర్చీ మాయమైంది. పన్నెండేళ్ల కుర్చీ. ఒక కాలు కుంటిదే గానీ, మా ఇంట్లో నా బరువు మోసేది అదొక్కటే.

"నా కుర్చీ ఏదోయ్?"

"నన్నడుగుతారేం? నాతో చెప్పి వెళ్లిందా?" అంది మా ఆవిడ.

అబద్ధమని తెలుసు. రుజువు లేదు. అప్పుడే ముందురోజు చూసిన సినిమా గుర్తొచ్చింది. మొదటి సీను ఇదీ. ఒక ముసలి రౌడీ బల్ల దగ్గర కూర్చుని యాపిల్ తొక్క తీస్తుంటాడు. ఎదురుగా ఒకడు. రౌడీ తిట్టడు, కొట్టడు. తొక్క తెగకుండా తీస్తూ చూస్తుంటాడు, అంతే. తొక్క పూర్తయ్యేలోపు ఎదుటివాడు చేసినవన్నీ కక్కేస్తాడు. ఆ తర్వాత హాల్లో చల్లగా ఉండి నాకు నిద్రపట్టింది. అది మీకు అనవసరం.

మధ్యాహ్నం కర్టెన్లు మూసి, యాపిల్, కత్తి పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను.

"కూర్చో," అన్నాను బొంగురు గొంతుతో.

"జలుబు చేసిందా?" అంటూ కూర్చుంది.

నేను మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. ఇక్కడే నేనొకటి మరిచిపోయాను. మా ఆవిడ లెక్కల టీచరు. పరీక్ష హాల్లో మూడు గంటలు నోరు మెదపకుండా చూస్తూ కూర్చోవడం ఆవిడ ఉద్యోగం. ఆ చూపుకి పిల్లలు చీటీలు తమంతట తామే తెచ్చి బల్ల మీద పెడతారు.

అయిదు నిమిషాలకి నా తొక్క నాలుగు ముక్కలైంది. వేలు కూడా తెగింది. ఆవిడ రెప్ప వేయలేదు.

"రిపేరుకిచ్చానని చెప్పిన గోడ గడియారం, అసలు ఇవ్వనేలేదు," అన్నాను.

అది మా బావమరిది కానుక. గంటకోసారి అందులోంచి ఒక పిట్ట బయటికొచ్చి, అచ్చం వాడిలాగే, ఎవరూ అడక్కుండా అరుస్తుంది.

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.

"ఆఫీసులో పాత ఫైళ్ల వెనక దాచాను. పిట్ట ముక్కుకి టేపు వేశాను."

"ఇంకా?"

"నీకు ఒంట్లో బాగాలేదని చెప్పి మీ తమ్ముణ్ణి రావద్దన్నదీ నేనే."

ఆవిడ నా చేతిలోంచి యాపిల్ తీసుకుని, మిగిలిన తొక్క ఎక్కడా తెగకుండా తీసింది.

"మన గడియారం ముఖమే చూడలేదన్నాడు రిపేరు షాపాయన. అందుకే కుర్చీని పక్కింట్లో దాచాను. అవునూ, సినిమాలో ఎక్కడ నిద్రపోయారు?"

"మొదటి సీనవగానే."

"మేం టీచర్లమంతా శుక్రవారమే చూశాం. ఆఖరి సీన్లో అదే బల్ల, అదే కత్తి. రౌడీ ఎదురు కుర్చీలో ఉంటాడు. తొక్క తీసేది వాడి పెళ్లాం."

సాయంత్రం కుర్చీ వచ్చింది. మర్నాడు గడియారం వచ్చింది. సరిగ్గా నా కుర్చీ నెత్తిమీద, నా చేతే మేకు కొట్టించింది.

ఇప్పుడు గంటగంటకీ పిట్ట బయటికొచ్చి నావంక చూస్తుంది. నిన్న మూడింటికి ఇంకొకటి ఒప్పేసుకున్నాను.