లోయ దిగిన కట్టెల దొంతి

గురువారం పొద్దున్నే వెర్నా హల్‌స్ట్రోమ్ కాఫీ తాగి, కొలత టేపు జేబులో వేసుకుని, కట్టెల దొంతి జరపడానికి బయల్దేరింది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఇంటి గోడకి ఆనించి ఛాతీ ఎత్తున పేర్చిన ఆ కట్టెలన్నీ ఆవిడ సొంతచేతులతో చీల్చినవే. ఆ వయసులో మనలో కొందరికి కొబ్బరికాయ కొట్టడానికే మనిషిసాయం కావాలి.

జరపకపోతే ఇల్లే పోతుంది. కొలరాడో కొండల్లో ఆ లేమ్ మ్యూల్ లోయని రెండేళ్ల కిందట కార్చిచ్చు అంచుదాకా నాకి వెళ్లింది. అప్పట్నుంచి బీమా కంపెనీకి కంటిమీద కునుకు లేదు. ఇంటి చుట్టూ అంటుకునేవన్నీ తీసేశారని ఫైర్ చీఫ్ సంతకం చేసిన కాగితం ఆ సాయంత్రం అయిదింటికల్లా అందకపోతే వెర్నా బీమా రద్దు. బీమా లేకపోతే అప్పిచ్చిన బ్యాంకు ఇంటిని ఉంచదు. నలభై ఒక్క ఏళ్లుగా ఉంటున్న ఇల్లు. పైగా లోయ పై కొసనున్న మూడిళ్లకీ, వాటి దిగువనున్న ఫైర్ స్టేషన్‌కీ కలిపి ఒకటే కాగితం. ఒక్కటి తప్పితే నాలుగూ తప్పినట్టే.

నెలరోజుల్లో ఆవిడ కిటికీ కింద పొదలు నరికింది. పైన్ చెట్లకి తలకి మించిన ఎత్తుదాకా కొమ్మలు కోసేసింది. నిచ్చెనెక్కి కప్పు మీద ఎండాకు ఊడ్చింది. మిగిలింది కట్టెలే. అవి ఇంటికి ముప్పై అడుగుల దూరంలో ఉండాలి. ఒకపక్క కొండరాయి, ఒకపక్క వాగు, కొలవడానికి చోటున్నది దిగువ వైపే. సరిగ్గా ముప్పై అడుగులు కొలిచి, ఒంటిచక్రం బండితో అరవైసార్లు తిరిగి, అంగుళం వంకర లేకుండా పేర్చి, పదిన్నరకి వెళ్లి నడుం వాల్చింది.

ఆ ముప్పయ్యో అడుగు పక్కింటి డ్వైట్ పకెట్ స్నానాలగది గోడ.

డ్వైట్ రిటైరైన ప్లంబరు. ఊళ్లో టిఫిన్ తినొచ్చి బండి దిగి, "దేవుడా, నా గోడేది?" అన్నాడు. కేకు ముక్కల్లా చీల్చిన ఆ కట్టెలు ఎవరివో అడగక్కర్లేదు. వెర్నా తలుపుదాకా వెళ్లాడు. లోపల్నించి గురక వినపడితే వెనక్కొచ్చేశాడు. మేలుకునున్నా అంతే. వెర్నాతో వాదించి గెలిచినవాడు ఆ లోయలో ఇంకా పుట్టలేదు. నాలుగు ట్రిప్పుల్లో కట్టెలన్నీ పికప్‌లో తోలి దిగువింటి బాకా దంపతుల వరండా పక్కన దించాడు. పనిలో పనిగా తన పెరట్లో దాచిన ఎండుకొమ్మలూ కలిపేశాడు. వాళ్లు ఆస్పత్రికి వెళ్లారు, వచ్చేలోపు ఇంకో చోటు చూద్దాంలే అనుకున్నాడు. చూస్తుండగానే వాళ్లు వచ్చేశారు.

ఆ లోయలో ఒక మర్యాద ఉంది. మంచం పట్టినవాళ్ల గుమ్మంలో ఎవరో కట్టెలు దించి, పేరు చెప్పకుండా పోతారు. ఎవరని ఆరా తియ్యకూడదు. ఒర్లాండో బాకాకి తుంటి ఆపరేషనై నెల కాలేదు. ఆ దొంతి చూడగానే భార్య ఎలోయిసాకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూడవయ్యా, మనమీద ఎంత ప్రేమో!"

"ప్రేమ బాగానే ఉంది గానీ, మూడింటికి చీఫ్ వస్తాడే. గోడపక్కన ఇది చూస్తే అందరం మునుగుతాం."

"అయితే ఫైర్ స్టేషన్‌కే ఇచ్చేద్దాం. మనకోసం రాత్రీపగలూ పరిగెత్తేవాళ్లు. వాళ్లకీ పొయ్యి ఉంది కదా." కంచె అవతల తచ్చాడుతున్న డ్వైట్ కనపడ్డాడు. "డ్వైట్ అన్నా! కాస్త నీ పికప్ తెస్తావా? ఏ పుణ్యాత్ముడో మాకు కట్టెలిచ్చాడు."

"ఈమధ్య పుణ్యాత్ములు ఎక్కువైపోయారమ్మా."

"ఎవరో గానీ, ఆయన చల్లగా ఉండాలి."

"ఎక్కడమ్మా, చెమటలు కారిపోతున్నాయి."

మళ్లీ నాలుగు ట్రిప్పులు. ఫైర్ వాళ్లు మంచులో నడవక్కర్లేకుండా ఎలోయిసా ఆ కట్టెల్ని స్టేషన్ చెక్కగోడకే ఆనించి పేర్పించి, పైన ధన్యవాదాల కార్డు గుచ్చింది.

మూడింటికి చీఫ్ గస్ టిబెట్స్ పైనుంచి మొదలుపెట్టాడు.

"ఏ వంకా లేదు వెర్నమ్మా. మావాళ్లు ముగ్గురు కలిసినా ఇంత శుభ్రంగా చెయ్యలేరు."

వెర్నా పొంగిపోయి ఆయన వెంటే నడిచింది. డ్వైట్ గోడ బోసిగా ఉంది. ఆవిడ డ్వైట్ వైపు చూసింది. డ్వైట్ ఆకాశం వైపు చూశాడు. చీఫ్ ముందు నోరు విప్పితే కాగితం ఎక్కడ చిరుగుతుందోనని ఆవిడ పళ్లు బిగించింది. బాకా వాళ్లిల్లూ గట్టెక్కింది. నాలుగున్నరకి సంతకం కోసం అందరూ స్టేషన్‌కి దిగారు.

"నా కట్టెలు!" అంది వెర్నా.

"మా కట్టెలు!" అంది ఎలోయిసా.

"నా స్టేషన్!" అన్నాడు చీఫ్.

డ్వైట్ చీఫ్ వెనక్కి తప్పుకున్నాడు.

గస్ కలం జేబులో పెట్టేశాడు. "గోడకి కట్టెలుండగా సంతకం పెట్టలేనమ్మా. నా స్టేషనైతే మాత్రం?"

"నా ఇల్లు పోతుందయ్యా గస్!"

"తెలుసు. అందుకే చెప్తున్నా, ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది." కోటు విప్పి మొదటి కట్టె తనే ఎత్తాడు.

మనుషులంటే వాళ్లు. వెర్నా టేపు లాగి గుమ్మం నుంచి ముప్పై అడుగులు కొలిచి గీత గీసింది. అందరూ వరసకట్టి చేతులు మార్చారు. ఒర్లాండో చేతికర్ర మీద ఆనుకునే ఒంటిచేత్తో అందించాడు. ఆపరేషన్ అయినవాడివి కూర్చోమంటే, "తుంటికి గానీ చేతికి కాదుగా" అన్నాడు.

"వెర్నమ్మా, నీతో ఒక మాట..." అని గొణిగాడు డ్వైట్.

"తెలుసు. ముందు ఇది అందుకో."

నాలుగూ యాభై ఆరుకి ఆఖరి కట్టె గీతమీద కూర్చుంది. గస్ సంతకం పెట్టి, కాగితం ఫోటో తీసి కంపెనీకి పంపాడు. అందిందని రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. ఎలోయిసా వెర్నాని వాటేసుకుంది. డ్వైట్ టోపీ గాల్లోకి విసిరాడు. గస్ నవ్వుతూ వెనక్కి తిరిగి, నవ్వు ఆపేశాడు.

స్టేషన్ పెద్ద తలుపుకి సరిగ్గా ఎదురుగా, కొండరాయి నుంచి వాగుదాకా, ఛాతీ ఎత్తున, అంగుళం వంకర లేకుండా ఉంది దొంతి.

"వెర్నమ్మా... మరి ఫైరింజన్ ఎటు పోవాలి?"

"అది నీ కాగితంలో లేదయ్యా."

ఆ సాయంత్రం లోయలో మూడిళ్లూ భద్రం, స్టేషనూ భద్రం, ఫైరింజన్ అన్నిటికంటే భద్రం.