పదకొండు కెంపుల బేరం

ఆదివారం పొద్దున షాపు తెరిచేసరికి గుండీలాయన చేతిలో ఉన్నవి ఇవీ: రెండు గదుల గుండీల దుకాణం, గల్లాపెట్టె ముందు మెత్తని కుర్చీ, ఇరవయ్యేళ్ళుగా నిలుపుకున్న దర్జీ బేరం, ఆ దర్జీకి సాయంత్రంలోపు ఇస్తానన్న పన్నెండు ఎర్ర గాజు గుండీలు. వాటిలో చివరి డజను సొరుగులో ఉందనుకున్నాడు. సొరుగు లాగితే ఖాళీ పొట్లం కాగితం కనిపించింది.

"అవా? నెల కిందటే మా తమ్ముడికిచ్చాను. అమ్ముడుపోని సరుకే కదా అని," అంది భార్య లేసు కొలుస్తూ.

"అమ్ముడుపోనిది మొన్నటిదాకా! నిన్న బేరం కుదిరింది. పెద్ద హోటల్లో తలుపు తీసే మనిషి కోటుకి. అలాంటి పలకల గాజు ఇప్పుడెక్కడా దొరకదు. ఈ మాట తప్పితే దర్జీ ఎదురు షాపుకి పోతాడు."

"అయితే ఇక్కడ నిలబడి నాకు చెప్తారేం? వెళ్ళి తెచ్చుకోండి."

బావమరిది ఆదివారాలు పళ్ళ డాక్టరు ఆస్పత్రిలోనే ఉంటాడు. పంటినొప్పి ఏమీ లేదు. సెలవు రోజున రోగులు కూర్చునే గదిలో బల్ల మీద గుహల పటం పరిచి ముగ్గురు ఆట ఆడతారు. బావమరిది కథ నడుపుతాడు. డాక్టరు మాంత్రికుడు. బ్యాంకు క్యాషియరమ్మ గొడ్డలి పట్టిన మరుగుజ్జు వీరుడు. పాచిక పడినదాన్ని బట్టి రాక్షసులు చస్తారు, నిధులు దొరుకుతాయి. ఆ నిధుల్లో కెంపులంటే గుండీలాయన సొరుగులోని ఎర్ర గుండీలే. డాక్టరు ముందు ఆరు, క్యాషియరమ్మ ముందు ఐదు మెరుస్తున్నాయి.

"పన్నెండోదేదిరా?"

"మరుగుజ్జు చచ్చిపోయాడు బావా. బతికించే మంత్రానికి ఒక కెంపు పొడి చెయ్యాలి."

డాక్టరు గర్వంగా చిన్న సీసా చూపించాడు. "పళ్ళు అరగదీసే మిషనుతో చేశానండీ. ఎంత మెత్తగా వచ్చిందో చూడండి."

"ఇప్పుడు నాకు బానే ఉంది," అంది క్యాషియరమ్మ, ఆయన కంగారు పడతాడేమోనని.

గుండీలాయన జేబులోంచి నోటు తీశాడు. "మిగతావి ఇచ్చెయ్యండి. రెట్టింపు ధర ఇస్తా."

క్యాషియరమ్మ నోటు వెలుగుకి పట్టి చూసింది. "మంచిదే. కానీ ఈ రాజ్యంలో చెల్లదండీ."

"పోరాడి సంపాదించుకున్నారు బావా. ఒక్కో కెంపు ఐదువందల వరహాలు," అన్నాడు బావమరిది. "కావాలంటే నువ్వూ ఆటలోకి దిగి కొనుక్కో." అని ఒక చీటీ రాసిచ్చాడు: వర్తకుడు. ఒక గాడిద. గాడిద మీద ఒక తాడు, పది దివిటీలు, ఒక ఇనప తాళం.

గుండీలాయన సరుకు చూసుకున్నాడు. పటం చూశాడు. డ్రాగన్ గుహ లోయలో ఉంది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"తాడు ఎంతకిస్తారు?" అన్నాడు డాక్టరు.

"లోయ లోతెంత?"

"తెలీదు."

"తెలీని లోతుకి తాడు ఖరీదెక్కువ. రెండు కెంపులు."

వీరులు దిగారు. కింద చీకటి. దివిటీలకి రెండు కెంపులు. గాడిద మాత్రం వేరే దారిన వాళ్ళకంటే ముందే గుహ చేరింది. వర్తకుడు గుహకి వేసుకోమని డ్రాగన్‌కి ఇనప తాళం అప్పు మీద అమ్మి, దాని రెండో తాళంచెవిని వీరులకి నాలుగు కెంపులకి అమ్మాడు.

"ఇది అన్యాయం!" అంది క్యాషియరమ్మ చెమట తుడుచుకుంటూ.

"అన్యాయమైతే డ్రాగన్ అడగాలమ్మా, మీరు కాదు."

అప్పుడే భార్య ఫోను. "ఏవండీ, దర్జీ వచ్చి కూర్చున్నాడు. గుండీలేవి?"

"ఇంకా మూడు రావాలి. ఇద్దరూ లోయలో ఉన్నారు. తాడు దిగడానికే అమ్మాను. ఎక్కాలంటే మళ్ళీ బేరం."

"లోయలోనా? అయ్యో! వాళ్ళని ముందు పైకి లాగండి, మహానుభావా!"

పావుగంటలో దర్జీ సగం కుట్టిన కోటు భుజానేసుకుని, చేతిలో వీధి చివర అడిగి తెచ్చిన నిచ్చెనతో ఊడిపడ్డాడు. "లోయలో పడ్డవాళ్ళేరీ?"

"నేనేనండీ," అని చెయ్యెత్తింది క్యాషియరమ్మ. "ఇప్పుడే మూడు కెంపులిచ్చి పైకొచ్చాను."

దర్జీ నిచ్చెన గోడకి ఆనించి, గుండీలాయన గుప్పిట్లోకి తొంగిచూశాడు. "పదకొండేనా? సరేలే. ఆ మనిషి మెడ దున్నపోతు మెడ, పై గుండీ ఎలాగూ పట్టదు. ఇటియ్యి, హోటలు వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

గండం గడిచినట్టే. కానీ గుప్పిట తెరుచుకోలేదు. ఇరవయ్యేళ్ళుగా గుండీలాయన గుండీలని డజన్ల లెక్కన అమ్మాడు. కొసరు వెయ్యకుండా ఎవరూ కొనలేదు. ఇవాళ మొదటిసారి ఒక్కొక్క గుండీకి చదువుకున్నవాళ్ళు చెమటలు కక్కారు.

"ఒక్కోటి ఐదువందల వరహాలు," అన్నాడు. "నువ్వు పాత మనిషివి కాబట్టి నాలుగు వందల యాభై."

"మతి పోయిందేమయ్యా? నిన్న డజను లెక్కన ఇస్తానన్నావు!"

"నిన్న అవి గుండీలు."

దర్జీ బావమరిది వైపు చూశాడు. బావమరిది తల దించుకున్నాడు. దర్జీ కోటూ నిచ్చెనా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

గుండీలాయన షాపుకి తిరిగొచ్చేసరికి భార్య అదే కోటుకి పన్నెండు ఇత్తడి గుండీలు కుట్టించి పంపేసింది. హోటలు వాళ్ళకి అవే నచ్చాయట. హోటల్లో మిగతా పదిమంది పనివాళ్ళ కోట్లకీ అవే కావాలన్నారు. దర్జీ రేపొచ్చి సరుకు తీసుకెళ్తాడు. అయితే బేరం మాత్రం అమ్మగారితోనే అని గట్టిగా చెప్పి వెళ్ళాడు. భార్య గల్లాపెట్టె ముందు మెత్తని కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ముక్కాలి పీట వేసి ఉంది.

మొత్తానికి ఆ రోజు గుండీలాయనకి మిగిలినవి పదకొండు కెంపులు, ఒక గాడిద, డ్రాగన్ దగ్గర బాకీ, ఒక ముక్కాలి పీట. వాటిలో పీట మాత్రం నిజం.