గోడకు నానబెట్టిన బెల్లం

శుక్రవారం పొద్దున్నే లేచి, డ్రమ్ముల మూతలు తీసి, కర్రతో బాగా కలియబెట్టి, మళ్లీ మూతలు పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా చాయ్ తాగాలన్నది రామ్‌దాస్ పథకం. తొమ్మిది రోజులుగా ఆయనకు అదే పథకం. ఎడపల్లి పక్కనున్న ఆ ఊళ్లో ఆ ఎండాకాలం అంత నిష్ఠగా లేచిన మనిషి మరొకరు లేరు.

ఈ నిష్ఠంతా ఇంటి ముందుగోడ కోసం. నిజాంసాగర్ కాలువలు తవ్వే రోజుల్లో ఓవర్‌సీరుగా పనిచేసిన తాత కట్టించిన ఇల్లది. డంగు సున్నం పూసిన గోడలు, నడివేసవిలో చెయ్యి ఆనించినా చల్లగా తగిలేవి. కిందటేడు వానలకు అరుగు పైన చారెడు పెచ్చు ఊడింది. రామ్‌దాస్ తెలివికి పోయి అక్కడ సిమెంటు మెత్తించాడు. ఆ సిమెంటు ఆరు నెలలు గోడను పట్టుకుని ఉండి, ఊడేటప్పుడు మంచమంత సున్నాన్ని వెంట తీసుకుని మరీ ఊడింది. తొంభై ఏళ్లు చెక్కుచెదరని గోడ తన చేతి మీదుగా పాడైందే అని రామ్‌దాస్‌కు లోపల నిజంగానే బాధగా ఉండేది.

భార్య సుకన్యకు ఆ బాధ అర్థమైంది కానీ, ఆమెకు వానలు ఇంకా బాగా అర్థమయ్యాయి. "మిరుగం కార్తె వస్తున్నది. సోమవారం దాక చూస్త. అప్పటికి నీ సున్నం పని షురూ కాకపోతే సిమెంటు మేస్త్రి వస్తడు, గోడంత గీకి పడేస్తడు" అని చెప్పి నిజామాబాద్‌లో తల్లిగారింటికి వెళ్లింది. గడప దాటే ముందు రామ్‌దాస్‌కు వినపడేంత గట్టిగా మేస్త్రికి ఫోన్ చేసి మరీ వెళ్లింది.

డంగు సున్నం పని తెలిసినవాడు బోధన్‌లో మజహర్ ఉస్తాద్ ఒక్కడే మిగిలాడు. ఏమేం కావాలో ఆయనే చెప్పాడు. రెండు బస్తాల నల్లబెల్లం, గంపెడు కరక్కాయలు నీళ్లలో పది రోజులు నానాలి. కొట్టం పక్కన గుంతలో సున్నం, ఇసుక సిద్ధంగా ఉండాలి. ఆఖరి పూత నునుపు తేలడానికి నాలుగు ట్రేల కోడిగుడ్లు కావాలి. నల్లబెల్లం కనపడితే ఊళ్లో అందరికీ గుడుంబా సారానే గుర్తుకొస్తుంది. అందుకని రామ్‌దాస్ బస్తాలను యూరియా సంచుల కింద దాచి తెచ్చాడు. డ్రమ్ములను పశువుల కొట్టంలో పెట్టి పైన టార్పాలిన్ కప్పాడు. ఎవరికీ అనుమానం రాకూడదని ఆయన తీసుకున్న జాగ్రత్తలన్నీ ఇలాంటివే.

కానీ వాసనకు టార్పాలిన్ కప్పలేం కదా. శుక్రవారం నాటికి అది ప్రహరీ దాటి, రోడ్డు దాటి, తుకారాం ఇంటికి చేరింది. తుకారాం ఎప్పుడో మహారాష్ట్ర నుంచి చెరకు కోతకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. రామ్‌దాస్ డ్రమ్ము కలుపుతుంటే వచ్చి, ఖాళీ నీళ్ల సీసా వీపు వెనక పట్టుకుని, కొట్టం ముందు వినయంగా నిలబడ్డాడు.

"ఎప్పటికైతదన్న?" అని అడిగాడు.

"రేపు పొద్దుగాల ఉస్తాద్ వస్తడు. ఆయన చూసి సరే అంటెనే" అన్నాడు రామ్‌దాస్.

ఉస్తాదే స్వయంగా వస్తున్నాడంటే సరుకు మామూలుది కాదని తుకారాంకు నమ్మకం కుదిరింది. తనకూ కొంచెం ఉంచమన్నాడు. తుకారాం ఇంటి గోడ కూడా పెచ్చులూడుతున్న సంగతి రామ్‌దాస్‌కు తెలుసు. పాపం అనుకుని, మిగిలితే తప్పకుండా ఇస్తానని మాటిచ్చాడు. తుకారాం నేరుగా చాయ్ హోటల్‌కు వెళ్లి ఈ శుభవార్త పదిమందికీ చెప్పాడు.

మధ్యాహ్నానికి రామ్‌దాస్‌కు ఊళ్లో గౌరవం పెరిగింది. ఎన్నడూ పలకరించని వాళ్లు కూడా నమస్తే పెట్టారు. గుడ్ల ట్రేలు మోసుకొస్తుంటే ఒకాయన, అవి ఉడకబెడతారా, ఆమ్లెట్ వేస్తారా అని అడిగాడు. రామ్‌దాస్ పరధ్యానంగా, రెండూ కాదు, పచ్చివే, అదీ తెల్లసొన ఒక్కటే అని చెప్పాడు. ఆయన మరింత గౌరవంగా తల పంకించి వెళ్లాడు.

రామ్‌దాస్ పరధ్యానానికి కారణం లేకపోలేదు. గుంతలో సున్నాన్ని రోకళ్లతో ఒక పూట దంచడానికి పదిమంది కావాలని ఉస్తాద్ ముందే చెప్పాడు. ఊళ్లో సగంమంది ఉపాధి పనిలో ఉన్నారు, మిగతా సగం పెళ్లిళ్లలో ఉన్నారు. సాయంత్రం దాకా తిరిగినా ఒక్క చెయ్యి దొరకలేదు. దంచని సున్నం గోడకు పట్టదు. ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే, "మీకు మనుషులు దొరక్కపోతే నేనొచ్చి ఏం లాభం సార్, అయినా వస్త, చూద్దాం" అన్నాడు. సోమవారం మేస్త్రి వచ్చి తాత గోడను గీకుతున్న దృశ్యం కళ్లముందు కదిలి, రామ్‌దాస్‌కు అన్నం సహించలేదు.

శనివారం పొద్దున వాకిట్లో అలికిడైతే బయటికి వచ్చాడు. పన్నెండుమంది ఆడవాళ్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రోకలి. ముందు శ్యామలమ్మ. ఉస్తాద్ ఎంత గొప్పవాడు, అడక్కుండానే మనుషుల్ని పంపించాడు అనుకుని రామ్‌దాస్ ఉప్పొంగిపోయాడు.

"రాండ్రి అక్కా, రాండ్రి. మీ అసుంటోళ్ల కోసమే చూస్తున్న. చాయ్ తాగి షురూ చేద్దాం" అన్నాడు.

శ్యామలమ్మ ఆ ఊరి మహిళా సంఘం అధ్యక్షురాలు. అయిదేళ్ల కిందట ఇంటింటికీ తిరిగి గుడుంబా మాన్పించిన మనిషి. చాయ్ హోటల్ కబురు చెవిన పడగానే, సంఘం కార్యదర్శి సుకన్య ఊళ్లో లేకపోయినా, ఆమె మొగుడని కూడా చూడకుండా వచ్చింది. అలాంటి మనిషికి చాయ్ ఇస్తానంటే ఒళ్లు మండదా? ఆమె కొట్టంలోకి నడిచి టార్పాలిన్ లాగేసింది.

"గిదేంది తమ్మీ?"

"బెల్లం, కరక్కాయ. గోడకు."

"గోడ తాగుతదా?"

"మస్తు తాగుతదక్క" అన్నాడు రామ్‌దాస్, ఉస్తాద్ చెప్పింది చెప్పినట్టు.

"మరి గన్ని గుడ్లు ఎవరికి?"

"అవి గూడ గోడకే."

శ్యామలమ్మ చీర కొంగు నడుముకు దోపింది. డ్రమ్ములు ఒకదాని తర్వాత ఒకటి దభీమని పడ్డాయి. పది రోజుల నిష్ఠ పల్లానికి పరుగెత్తి, పక్కనున్న సున్నం గుంతలోకి చేరింది. రామ్‌దాస్ అరుగు మీద కూలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి, దొరికిపోయినందుకే ఏడుస్తున్నాడని అందరికీ రూఢి అయింది.

ఇక మిగిలింది తయారైన సరుకు. ఇల్లంతా వెతికినా గుడుంబా ప్యాకెట్లు కనపడలేదు. శ్యామలమ్మ చూపు గుంత మీద పడింది. "గిండ్లనే పూడ్చిండు. దంచుండ్రి" అన్నది. పన్నెండు రోకళ్లు లేచాయి.

మొదటి బస్సుకు దిగిన మజహర్ ఉస్తాద్ గేటు దగ్గర ఈ దృశ్యం చూసి నిలబడిపోయాడు. రామ్‌దాస్ నోరు తెరవబోతే, వద్దని చెయ్యి చూపించాడు. గుంత దగ్గరికి వెళ్లి, వంగి చూసి, ఎంతో మర్యాదగా, "గా మూలకు ఇంకా దెబ్బ పడలేదమ్మా" అన్నాడు. రోకళ్లు ఆ మూలకు మళ్లాయి. కాసేపటికి తనే నాలుగు గంపల ఇసుక తెచ్చి గుమ్మరించాడు. కోపంలో ఉన్నవాళ్లు ఇసుక ఎందుకని అడగరు. ఎక్కడ దెబ్బ వదులైతే అక్కడ ఉస్తాద్ వేలు చూపించాడు, వేలు చూపించిన చోటల్లా శ్యామలమ్మ ముందుండి దంచింది.

ఎండెక్కింది. ఒక్క ప్యాకెట్టూ దొరకలేదు. ఆడవాళ్లు అలిసి రోకళ్లు దించేసరికి గుంతలో సున్నం వెన్నలా మెదిగింది. ఉస్తాద్ పిడికెడు తీసి, రెండు వేళ్ల మధ్య రాసి చూసి, గోడ మీదికి విసిరాడు. అది అక్కడే అతుక్కుపోయింది.

ఆయన శ్యామలమ్మకు సలాం చేశాడు. "ముప్పై ఏండ్ల సంది గిట్ల దంచినోళ్లను చూడలేదమ్మా. నీళ్లు గూడ బరాబర్ పోసిండ్రు."

శ్యామలమ్మ గోడను చూసింది, రోకలిని చూసింది. దగ్గరికి వెళ్లి ఆ సున్నాన్ని వేలితో నొక్కింది. అది కదల్లేదు. "నిజంగనే గోడకేనా తమ్మీ" అని మెల్లగా అడిగి, జవాబు కోసం చూడకుండా, ఇందాకటి చాయ్ సంగతి ఏమైందన్నది.

కబురంది వచ్చి అప్పుడే ఆటో దిగిన సుకన్యకు జరిగిందంతా పన్నెండు గొంతులూ ఒకేసారి చెప్పాయి. ఆమె గోడకు అంటుకున్న పిడికెడు సున్నాన్ని చూసింది. తర్వాత ఫోన్ తీసి మేస్త్రిని సోమవారం రావద్దని చెప్పింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో రామ్‌దాస్‌కు అంత తియ్యగా వినపడిన మాట మరొకటి లేదు. ఆయన లోపలికి పరుగెత్తి తనే చాయ్ పెట్టాడు.

ఒక్క చిక్కే మిగిలింది. దాడికి వెళ్తే ఏం జరిగిందో ఆ రోజే పుస్తకంలో రాయాలన్నది సంఘం నియమం. అంతమంది పనులు మానుకుని వచ్చాక ఏమీ దొరకలేదని రాస్తే బాగుండదు. కార్యదర్శి హోదాలో సుకన్య అరుగు మీద కూర్చుని రాసింది, పన్నెండుమందీ సంతకాలు పెట్టారు.

రామ్‌దాస్ ఇంట్లో పట్టుబడిన సరుకును సంఘ సభ్యులు సమూలంగా నాశనం చేయడమైనదని ఆ పుస్తకంలో ఉంది, ఆ సరుకు మాత్రం రెండు వానాకాలాలుగా గోడ మీద ఉంది.