ఆబెనా గారి పదవీ విరమణ

శనివారం పొద్దున చాయ్ తాగుతూ మోతీలాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రేపు ఇంటికి వచ్చే అతిథికి నాలుగు కుర్చీలు, ఒక క్యాను మంచినీళ్ళు, ఒక కొబ్బరిబోండాం. అంతే. అంతకన్నా ఎక్కువ ఏమీ వద్దని కూతురు కళ్యాణి చెప్పింది. కూతురు చెప్పింది విన్నాడో లేదోనని భార్య హేమ్లి మళ్ళీ చెప్పింది. ఇద్దరికీ తలూపాడు. తలూపడంలో మోతీలాల్ ఏనాడూ ఎవరికీ లోటు చేయలేదు.

వచ్చే అతిథి పేరు ఆబెనా. ఘనా దేశం, అక్రా నగరం. సంగీతం చుట్టూ బోలెడు పనులుంటాయి కదా, సౌండు, లైట్లు, రికార్డింగు, స్టేజీ కట్టడం లాంటివి. అవన్నీ ఆఫ్రికా దేశాల్లోని కుర్రకారుకు నేర్పి కొలువుల్లో పెట్టే కార్యక్రమం ఒకటి ఆమె నడుపుతోంది. ఇన్నాళ్ళూ గుమ్మం బయటే నిలబెట్టినవాళ్ళను, అంటే ఆడపిల్లల్నీ మారుమూల ఊళ్ళవాళ్ళనూ, ముందుగా లోపలికి పిలవాలన్నది ఆ కార్యక్రమం పట్టుదల. ఈ ఏడు బయటి దేశాలవాళ్ళకు కూడా కొద్ది సీట్లు కేటాయించారు. భద్రాచలంలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే సరళ ఈ అడవి అంచు ఊళ్ళ నుంచి ఇద్దరమ్మాయిల పేర్లు పంపింది. సీటు మాత్రం ఒక్కటే.

ఆ ఇద్దరిలో ఒకతె కళ్యాణి. డిప్లొమా చదివింది, ఖమ్మంలో ఒక సౌండు షాపులో పని నేర్చుకుంది. ఇప్పుడు సౌండు మిక్సరు కిరాయికి తెచ్చి, చుట్టుపక్కల లంబాడీ తండాల్లో తీజ్ పండుగకీ పెళ్ళిళ్ళకీ మైకులు పెడుతోంది. పిలిచినవాళ్ళు సామాను దిగాక ఆపరేటర్ ఎక్కడని అడుగుతారు. నేనే అంటే నవ్వుతారు. అక్రాలో ఆరు నెలలు నేర్చుకుని, అక్కడి పెద్ద ఉత్సవాల్లో పనిచేసి వస్తే ఆ నవ్వు ఆగిపోతుందని ఆ పిల్ల ఆశ. మోతీలాల్‌కూ అదే ఆశ. ఇకముందు ఆయన చేసిన ప్రతి పనీ ఆ ఆశతోనే చేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆబెనా ముందే ఒక మాట చెప్పి పంపింది. వాళ్ళ తండా ఆడవాళ్ళు ఎప్పట్లాగే పాడాలి, కళ్యాణి వైర్లు పరవడం దగ్గర్నుంచి పాట అయ్యేదాకా తన పని తాను చేసుకోవాలి. తను ఒక మూలన కూర్చుని చూస్తుంది. గంట చాలు. ఆ తర్వాత దుమ్ముగూడెం వైపు వెళ్ళి రెండో అమ్మాయిని చూడాలి.

ఇక్కడ మోతీలాల్ గురించి కాస్త చెప్పాలి. ఆయన పాల్వంచ ప్లాంటులో ఫోర్‌మన్. కంపెనీ కాలనీలో ఎవరు రిటైరైనా సన్మాన సభ ఆయన చేతుల మీదుగా జరగాల్సిందే. వేదిక, ఫ్లెక్సీ, దండ, శాలువా, గోడగడియారం, చివర వందన సమర్పణ. కళ్ళు మూసుకుని చేయించగలడు. మనిషిని గౌరవించడమంటే ఎత్తు మీద కుర్చీ వేసి, కూర్చోబెట్టి, శాలువా కప్పడమే. ఇంకో రకం గౌరవం ఆయన సర్వీసులో ఎక్కడా తగల్లేదు.

అందుకే చాయ్ గ్లాసు కింద పెట్టేలోగా "మూల" అన్నమాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. సముద్రాలు దాటి వచ్చిన మనిషిని మూలన కూర్చోబెడితే తండా ఇజ్జత్ ఏమవుతుందని హేమ్లిని అడిగాడు. కూర్చుంటానన్నది ఆవిడే కదా అంది హేమ్లి. పెద్దవాళ్ళు మర్యాదకు అట్లాగే అంటారు, మనం పట్టించుకోకూడదు అని తేల్చేశాడు. నాలుగు బల్లలు చేర్చి, పైన కార్పెట్ పరిస్తే చిన్న వేదిక అవుతుంది. అంతకన్నా ఏమీ లేదు.

వేదికంటూ వచ్చాక సర్పంచ్ గంగయ్యను పిలవకపోతే తగువు. గంగయ్య వస్తున్నాడంటే ఫ్లెక్సీ ఉండాలి. ఫ్లెక్సీ షాపువాడికి మోతీలాల్ గొంతు వింటే చాలు, ఏ డిజైనో అడగడు. ఎప్పుడూ వేసే రిటైర్మెంటు డిజైనే తీసి, గులాబీ పూల మధ్య ఆబెనా బొమ్మ పెట్టి, కింద చేతులు జోడించిన మోతీలాల్ బొమ్మ పెట్టి మధ్యాహ్నానికల్లా పంపించాడు. ఫ్లెక్సీ పెట్టాక షామియానా లేకపోతే ఎండకు అందరూ పారిపోతారు. షామియానా కింద ఫ్యాన్లు తిరగాలంటే తండా కరెంటు చాలదు. జనరేటర్ కావాలి. జనరేటర్ ఉన్నది చెంచురామయ్య దగ్గర.

చెంచురామయ్య తండా పక్కన మామిడితోటా మిరపచేలూ ఉన్న ఆసామి. తాతల నాడే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. జనరేటర్ ఇస్తానన్నాడు. దాంతోపాటు తమ అబ్బాయి నాని కొత్తగా కొన్న డీజే బాక్సులు కూడా పంపిస్తానన్నాడు, అడక్కుండానే. మోతీలాల్ కొంచెం నీళ్ళు నమిలి, సౌండు మా పిల్ల చూస్తుందండీ అన్నాడు.

"ఏవయ్యా మోతీలాలూ, నలుగురు పెద్దలు కూచున్న చోట ఆడపిల్ల బల్లల కింద దూరి వైర్లు లాగుతా ఉంటే ఏం బావుంటది? ఆవిడ చూట్టానికొచ్చేది పిల్లనేగా. చక్కగా పట్టుచీర కట్టించి వేదిక మీద కూచోబెట్టు. సౌండు మా నాని చూసుకుంటాడు."

ఈ మాట మోతీలాల్‌కు ఎంత సబబుగా తోచిందంటే, తనకే ముందు ఎందుకు తట్టలేదని దారి పొడుగునా బాధపడ్డాడు. రిటైర్మెంటు సభల్లో కుటుంబ సభ్యులు వేదిక మీదే కూర్చుంటారు కదా.

ఆదివారం పొద్దున కళ్యాణి తన మైకు స్టాండ్లు సంచీలో సర్దుకుని బయటికొచ్చేసరికి వాకిట్లో సభ లేచి నిలబడి ఉంది. కాసేపు ఆ ఫ్లెక్సీ వంక చూసింది.

"నాయినా, ఆమె నన్ను జూడనీకి వస్తలేదు. నా పని జూడనీకి వస్తుంది."

"రెండు ఒకటే గద బిడ్డా. ముందుగాల సభ గానీ. పదినిమిషాల్ల అయిపోతది. ఎనక నీ మైకులు నువ్ పెట్టుకో, ఎవలొద్దన్నరు?"

సంచీ గోడకు ఆనించి, కళ్యాణి చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఆబెనా ముప్పయి అయిదేళ్ళ మనిషి. జీన్సు ప్యాంటు, భుజాన చిన్న సంచీ. కారు దిగి నాలుగడుగులు వేసేలోగా మెడలో దండ పడింది. కళ్యాణి పనిచేసే చోటు ఎక్కడని సరళను అడిగింది. సరళ నోరు తెరిచేలోగా మోతీలాల్ ఇద్దరికీ చేతులతో దారి చూపిస్తూ వేదిక ఎక్కించేశాడు. అక్కడ పట్టుచీరలో, నుదుట బొట్టుతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్యాణి కూర్చుని ఉంది. వచ్చింది సీటు ఇవ్వడానికా సంబంధం కలుపుకోవడానికా అని ఆబెనాకు అనుమానం వచ్చినా తప్పు పట్టలేం.

గంగయ్య మైకు అందుకున్నాడు. ఆయన జీవితంలో మాట్లాడిన సభలన్నీ మోతీలాల్ పెట్టినవే. కాబట్టి అన్ని ఉపన్యాసాల్లాగే దీన్నీ ముగించాడు. ఆబెనా గారు తన శేష జీవితాన్ని మనవలతో, మనవరాళ్ళతో ఆయురారోగ్యాలతో గడపాలని కోరుకున్నాడు. అదే బాటలో చెంచురామయ్య ఆమె మచ్చలేని సేవలను కొనియాడి, ఇకనైనా విశ్రాంతి తీసుకోమన్నాడు. శాలువా కప్పారు. గోడగడియారం చేతిలో పెట్టారు. ఆబెనా సరళ చెవిలో ఏదో అడిగింది, సరళ మోతీలాల్ చెవిలో చెప్పింది.

"సార్, మేడమ్ ఇంకా ఉద్యోగంలోనే ఉందంట."

పెద్దవాళ్ళకు ఎంత అణకువో అనుకుని మోతీలాల్ మురిసిపోయాడు.

ఇంతకూ ఈ ఉపన్యాసాలు సగమే వినిపించాయి. నాని బాక్సులు పెళ్ళి బరాతులో వీధంతా ఊపడానికి కొన్నవి. చిన్న వాకిట్లో, షామియానా కింద, మైకు ముందే పెట్టేసరికి ఎవరు నోరు తెరిచినా కుయ్యిమని కూశాయి. మొదటి కూతకే కళ్యాణి కుర్చీలోంచి లేచింది. మైకు పక్కన నిలబడ్డ మోతీలాల్ కూర్చోమని సైగ చేశాడు. వందన సమర్పణకు ముందు వేదిక మీంచి లేవడం ఆయన సభల్లో అపచారం. పిల్ల కూర్చుంది.

తర్వాత హేమ్లి, ఆమె జట్టు ఆడవాళ్ళు పాటకు వచ్చారు. నంగారా డప్పు వాయించే వీరన్నను నాని సరిగ్గా మైకు ముందు కూర్చోబెట్టాడు. డప్పు మోతకు మామిడితోటలో పిట్టలు లేచిపోయాయి గానీ, పాడేవాళ్ళ పెదవులు కదలడం తప్ప ఒక్క మాట వినిపించలేదు. కళ్యాణి మళ్ళీ లేచింది. ఈసారి చెంచురామయ్య మోతీలాల్ వంక చూశాడు. మోతీలాల్ గబగబా వేదిక ఎక్కి, కూతురి భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూనే కూర్చోబెట్టాడు.

మూడోసారి బాక్సులు కూసినప్పుడు కళ్యాణి లేవలేదు. మిక్సరు వైపు ఒకసారి చూసి, తల దించుకుని చీర అంచు సర్దుకుంది. ఆబెనా ఈ మూడింటినీ చూసింది. మూడోసారిని మోతీలాల్ కూడా చూశాడు. పిల్లకు సభామర్యాద పట్టుబడిందని సంతోషించాడు.

వందన సమర్పణ సగంలో ఉండగా ఆబెనా లేచి, అందరికీ దండం పెట్టింది. గంట ఎప్పుడో దాటిపోయింది. అవతలి పిల్ల పొద్దున్నుంచీ ఎదురుచూస్తోందని సరళ చెప్పింది. కళ్యాణి ఇంకా మైకు ముట్టనే లేదని మోతీలాల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళి సందట్లో పుస్తె కట్టడం మరిచిపోయారని సామెత చెప్పుకుని నవ్వుతాం గానీ, మరిచిపోయిన తండ్రి మొహం ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పరు. అసలు పని ఇప్పుడే మొదలవుతుందనీ, పది నిమిషాలు చాలనీ కారు దాకా బతిమాలుతూ నడిచాడు. ఆబెనా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏదో మంచిమాటే చెప్పి, కారెక్కింది.

ఈ బతిమాలుడు సాగుతుండగానే వెనకాల కళ్యాణి వేదిక దిగి పరిగెత్తింది. కొంగు నడుముకు చుట్టి, వీరన్నను నంగారాతో సహా గోడ దాకా జరిపింది. బాక్సులు రెండూ పక్కకు తిప్పింది. నానిని లెమ్మని మిక్సరు ముందు నేల మీదే కూర్చుని, పాడమని తల్లికి సైగ చేసింది. హేమ్లి పాడింది. ఆ పొద్దున మొదటిసారిగా ప్రతి మాటా విడివిడిగా, నంగారా వెనక నుంచి మెల్లగా తోడొస్తుండగా, వాకిలి దాటి రోడ్డు దాకా వినిపించింది. కుర్చీలు మడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు. భార్య గొంతు అంత బాగుంటుందని పెళ్ళయిన ఇన్నేళ్ళలో మోతీలాల్‌కు తెలియదు. కళ్ళు తుడుచుకుంటూ కారు వైపు తిరిగాడు. ఏసీ కారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం తండ్రీకూతుళ్ళిద్దరూ కలిసే ఫ్లెక్సీ విప్పి చుట్ట చుట్టారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. గంగయ్యకో పిడికెడు, చెంచురామయ్యకో పిడికెడు పంచిపెట్టి చూసుకున్నాడు మోతీలాల్. ఎంత పంచినా తన వాటా తరగలేదు. ఆఖరికి అడిగేశాడు.

"మూడోసారి ఎందుకు లేవలే బిడ్డా?"

"నువ్వు కూసోమన్నవ్ గద నాయినా."

కోపంగా అన్నా బాగుండేది. తాడు ముడి విప్పుకుంటూ, మామూలుగా అంది. ఊళ్ళో నవ్వేవాళ్ళ సంగతి ఇన్నాళ్ళూ కూతురు చెబుతుంటే వాళ్ళను తిట్టుకుంటూ విన్నాడు. నవ్వకుండానే ఆ పని తనూ చేశాడు, పైగా శాలువా కప్పి చేశాడు.

వారం రోజులు సరళకు ఫోన్లు చేశాడు. పిల్లను భద్రాచలమే తీసుకొస్తాననీ, కావాలంటే తను గేటు బయటే ఉంటాననీ చెప్పాడు. చివరకు సరళే ఫోన్ చేసింది. సీటు దుమ్ముగూడెం వైపు భీమక్క అనే అమ్మాయికి వచ్చింది. కళ్యాణి మీద ఆబెనాకు మంచి అభిప్రాయమే ఉంది, కానీ కళ్ళతో చూడని పనికి మార్కులు ఎట్లా వేయాలో తెలియలేదంది. వచ్చే ఏడు సీట్లు వేరే దేశాలవాళ్ళకట.

సరే అమ్మా అన్నాడు మోతీలాల్. తర్వాత, ఎంత దుఃఖంలోనూ చావని సభా కార్యదర్శి ఆయనలో ఒకడున్నాడు కాబట్టి, ఉండబట్టలేక అడిగాడు. "అక్కడోళ్ళు మనకంటె పెద్దగ చేసిండ్రా అమ్మా? ఏమేం ఏర్పాట్లు చేసిండ్రు?"

అవతల సరళ కొంచెం తటపటాయించింది.

"ఏం చెయ్యలే సార్. అందరు మిరప ఏరనీకి పోయిండ్రు. ఆ రోజు వాళ్ళింట్ల పెద్దోళ్ళెవ్వరు లేరు."